గిన్నె బయటి తిండి



లావెక్కిన కుక్కని ఆస్పత్రికి తెచ్చినవాళ్లు దాన్ని ఇంకా బల్ల ఎక్కించకముందే చెప్పే మాట ఒకటుంది. "వీడు ఏమీ తినడండి. అన్నం గిన్నె ముట్టనే ముట్టడు. మరి ఈ ఒళ్లు ఎక్కణ్ణించి వస్తోందో అర్థం కావడం లేదండి." వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేనెప్పుడూ అనుకోను. గిన్నె ముట్టడన్నది చాలావరకు నిజమే. ముట్టాల్సిన అవసరం వాడికి ఉండదు. ఇంట్లో ఎన్ని చేతులున్నాయో అన్ని చేతుల్లోంచీ పొద్దున్నించి రాత్రిదాకా ఏదో ఒకటి వాడి నోట్లో పడుతూనే ఉంటుంది. పశువుల డాక్టరుగా నాకు రోజూ ఎదురయ్యే ఈ గిన్నె బయటి తిండి గురించే ఈ పూట మాట్లాడదామనుకుంటున్నాను.

ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూద్దాం. తెల్లటి బొచ్చు కుక్క, మనవాళ్లంతా పొమేరియన్ అని పిలిచే స్పిట్జ్. ఉండాల్సిన బరువు 8 కిలోలు. కాటా 11 చూపిస్తోంది. పొద్దున్నే తాతగారు పేపరు పట్టుకుని కాఫీకి కూర్చుంటారు. బిస్కెట్ ముంచి ఒకటి తాను, ఒకటి వాడికి. కాఫీ అయ్యేసరికి వాడి వాటా నాలుగు. గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోటీ 25 కేలరీల దాకా ఉంటుంది కాబట్టి అక్కడికి 100. టిఫిన్ వేళకి వంటింటి గడప దగ్గర తోక ఊపినందుకు ఒక ఇడ్లీ, 50. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం, పారబొయ్యడం ఎందుకని. అది 150కి తక్కువుండదు. సాయంత్రం బడి నుంచొచ్చిన మనవడు తన చిప్స్ ప్యాకెట్‌లోంచి నాలుగు విసురుతాడు, వాడు గాల్లో పట్టుకుంటే చూడ్డానికి బాగుంటుందని. 40 వేసుకోండి. రాత్రి నెయ్యి రాసిన చపాతీ ఒకటి, 120.

మొత్తం 460. ఇల్లు దాటని, పిల్లలు పుట్టకుండా ఆపరేషనయిన 8 కిలోల కుక్కకి రోజుకి 400 అటూ ఇటుగా సరిపోతుంది. ఇంకా గిన్నె దగ్గరికి మనం రానేలేదు. అందులో అరకప్పు డ్రై ఫుడ్ పోసి, పైన ఉడికించిన చికెన్ ముక్కలు వేసి ఉంచారు. వాడు చికెన్ ఏరుకుని తిని గింజలు వదిలేస్తాడు. అదే "ఏమీ తినడండి" అంటే.

ఇందులో ఏ ఒక్కరిదీ తప్పని చెప్పలేం. తాతగారు పెట్టింది నాలుగు బిస్కెట్లే. కోడలు వేసింది ఒక్క ఇడ్లీయే. ఎవర్ని అడిగినా "నేను పెట్టింది ఇంతే కదండీ" అంటారు. నిజమే అంటారు. అన్నీ కలిపి చూసిన మనిషే ఆ ఇంట్లో లేరు. అందుకే నేను మొదట మందు చీటీ రాయను. ఫ్రిజ్ తలుపు మీద ఒక తెల్ల కాగితం అంటించి, వారం రోజులపాటు ఎవరు ఏది పెట్టినా అందులో రాయమంటాను. పెద్దవాళ్లు మర్చిపోతుంటారు. ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంటే మాత్రం ఆ కాగితం కచ్చితంగా ఉంటుంది. "నానమ్మ, జీడిపప్పు, రెండు, ఎవరూ చూడకుండా" అని కూడా రాస్తుంది.

సరే, మన కుక్క లావో కాదో తెలిసేదెలా? కళ్లతో చూస్తే తెలీదు, బొచ్చు దాచేస్తుంది. చేత్తో తడమాలి. రేడియో వింటూనే ఒక పని చెయ్యండి. మీ ఎడమ చెయ్యి బల్లపరుపుగా చాపి, అరచెయ్యి కిందికి పెట్టండి. కుడిచేతి వేళ్లతో ఎడమచేతి పైభాగాన, వేళ్ల మొదళ్ల దగ్గర తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు వరసగా, నొక్కకుండానే తగులుతాయి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. ఇప్పుడు చెయ్యి తిప్పి అరచేతి వైపు అదే చోట తడమండి. నొక్కితే గాని ఎముక తెలీదు. పక్కటెముకలు అలా ఉంటే లావెక్కినట్టు. పిడికిలి బిగించి కణుపుల మీద వేళ్లు రాసి చూడండి. అలా పొడుచుకొస్తుంటే బక్కచిక్కినట్టు. దీనితోపాటు పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుం సన్నబడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కాళ్ల వైపుకి పైకెళ్లాలి. డాక్టర్లు ఇదే పరీక్షకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలిస్తారు. నాలుగు, ఐదు బాగున్నట్టు. ఐదు దాటిన ప్రతి అంకెకీ ఉండాల్సినదాని కంటే సుమారు పది శాతం బరువు ఎక్కువ. మన స్పిట్జ్‌కి తొమ్మిది వెయ్యాలి.

ఇక్కడొక మాట. మన కన్ను లావు కుక్కకి అలవాటు పడిపోయింది. కొల్లేటి చుట్టుపక్కల జోనంగి అనే కుక్కలున్నాయి. పొట్టి నున్నటి వెంట్రుక, సన్నటి నడుం, బాతుల మందల్ని కాసే కుక్కలు. అలాంటి దాన్ని ఊళ్లోకి తీసుకొస్తే "పాపం, తిండి పెట్టట్లేదా?" అని అడుగుతారు. మనకి ముద్దొచ్చేలా ఉన్న లాబ్రడార్‌ని కొల్లేటి బాతులవాళ్లకి చూపిస్తే ఏమంటారో నాకైతే వినాలనుంది.

లాబ్రడార్ మాటొచ్చింది కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో లిఫ్టుకోసం నిలబడి రొప్పుతూ కనిపించేవి ఎక్కువగా ఇవే. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని తీసుకుని, ఒకే ఈతలో పుట్టినవాటిని జతలు జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ బతికినంతకాలం గమనించారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బతికితే, ఎక్కువ తిన్నవి 11 చిల్లర ఏళ్లు బతికాయి. దాదాపు రెండేళ్ల తేడా. కీళ్లనొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. గమ్మత్తేమిటంటే ఆ పరిశోధన చేయించింది ప్యూరినా, కుక్కల తిండి అమ్ముకునే కంపెనీ. సరుకు అమ్మేవాడే తక్కువ వాడండి అని తేల్చాడంటే మనం కాస్త నమ్మొచ్చు.

రెండో సంగతి, లాబ్రడార్ ఆకలి నిజమైన ఆకలే. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు దీని గుట్టు విప్పారు. కడుపు నిండిందని మెదడుకి చెప్పే ఒక జన్యువులో చిన్న ముక్క ఊడిపోయి ఉండడం సుమారు పాతిక శాతం లాబ్రడార్లలో కనిపించింది. అలాంటి కుక్క అన్నం తిన్న గంటకే మళ్లీ మీ మొహంలోకి చూస్తుందంటే నటన కాదు. చూపులేని వాళ్లకి తోడుగా తర్ఫీదిచ్చే లాబ్రడార్లలో ఈ లోపం ఇంకా చాలా ఎక్కువగా ఉందని కూడా గమనించారు. తిండి ఆశ ఉన్న కుక్క చెప్పినట్టు వింటుంది కదా, ఎంపికలో అవే ముందుకొచ్చి ఉంటాయి. అందుకని "అడుగుతోంది కాబట్టి పెట్టాను" అన్న న్యాయం లాబ్రడార్ దగ్గర చెల్లదు. అది ఎప్పుడూ అడుగుతుంది.

ఇక బరువు తగ్గించడం. తిండి కొయ్యడానికి ముందు డాక్టరు చూడవలసినవి కొన్నున్నాయి. పొట్ట పెరిగినంతమాత్రాన అది కొవ్వు కానక్కర్లేదు. పక్కటెముకలు బయటపడి పొట్ట ఒక్కటే ఉబ్బితే నీరు చేరిందేమో చూడాలి. గుండె, కాలేయం పాడైతే అలా అవుతుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన ఒకట్రెండు నెలలకి పొట్ట పెరిగి, నీళ్లు ఎక్కువ తాగుతూ మందకొడిగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అనుమానించాలి. అది ఆగే జబ్బు కాదు, ఆ రోజే తీసుకెళ్లాలి. థైరాయిడ్ తగ్గిన కుక్క కొంచెమే తిన్నా బరువు పెరుగుతుంది, రెండు పక్కలా వెంట్రుకలు ఊడతాయి, తోక బోసిపోతుంది, ఎప్పుడూ వెచ్చటి చోటు వెతుక్కుంటుంది. తిండికీ నీళ్లకీ ఆత్రపడుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తూ, పొట్ట వేలాడుతుంటే స్టెరాయిడ్ హార్మోన్ల జబ్బు కావచ్చు. దురదకని నెలల తరబడి వాడిన ఇంజెక్షన్లు, బిళ్లలు కూడా ఇదే రూపం తెస్తాయి. కాబట్టి ఇదివరకు వాడిన మందుల చీటీలన్నీ డాక్టరుకి చూపించండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఈ పరీక్షలకి వసతి ఉంది. పట్టణాల్లో ప్రైవేటు క్లినిక్కుల్లోనూ చేస్తున్నారు.

జబ్బేమీ లేదని తేలాక లెక్క మొదలవుతుంది. కుక్క ఉండాల్సిన బరువుని 30తో హెచ్చవేసి 70 కలపండి. 8 కిలోల స్పిట్జ్‌కి 310. అది కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సిన కేలరీలు. బరువు తగ్గాలంటే సుమారుగా అక్కణ్ణించే మొదలుపెడతాం. మరీ చిన్న కుక్కలకీ, 45 కిలోలు దాటిన వాటికీ ఈ లెక్క పనికిరాదు, డాక్టరు వేరేగా కడతారు. ఇప్పుడు తాతగారి నాలుగు బిస్కెట్ల వైపు మళ్లీ చూడండి. 310లో 100. మూడో వంతు కాఫీతోనే అయిపోయింది.

మరి మామూలు డ్రై ఫుడ్‌నే సగానికి తగ్గించి పెడితే సరిపోదా అని అడుగుతారు. కేలరీలు సగమవుతాయి, నిజమే. వాటితోపాటు మాంసకృత్తులూ ఖనిజాలూ విటమిన్లూ కూడా సగమే అందుతాయి. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుకే బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా మాంసకృత్తులు, పీచు ఎక్కువ వేసి తయారుచేసిన తిండి డాక్టర్లు రాస్తారు. ఖరీదెక్కువ, కాదనను. ఇంటి వంటే పెట్టదలిస్తే చర్మం తీసి ఉడికించిన కోడి రొమ్ము ముక్క 100 గ్రాములు, అన్నం 75 గ్రాములు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన సొరకాయో బీన్సో ఒక కప్పు వేస్తే ఆ స్పిట్జ్‌కి రోజు లెక్క దాదాపు సరిపోతుంది. రెండు పూటలుగా పెట్టండి. అయితే ఇందులో కాల్షియం లేనట్టే, జింకు చాలదు, ఇంకా కొన్ని లోపాలున్నాయి. వాటిని ఏ మందుతో, ఎంత మోతాదులో నింపాలో డాక్టరు రాయించుకోకుండా ఇది నెలల తరబడి నడపకూడదు.

తిండిని కప్పుతో కొలవకండి. ఒకే కప్పుతో ఇంట్లో ముగ్గురు కొలిస్తే మూడు కొలతలు వస్తాయి. వంటింట్లో పెట్టుకునే చిన్న కాటా కొనుక్కుని గ్రాముల్లో తూచండి. రోజు మొత్తానికి కావాల్సిన డ్రై ఫుడ్ పొద్దున్నే తూచి ఒక డబ్బాలో పోసి ఉంచండి. తాతగారికి ముచ్చట తీరకపోతే బిస్కెట్‌కి బదులు ఆ డబ్బాలోంచే నాలుగు గింజలు ఇవ్వచ్చు. కుక్కకి కావాల్సింది ఆయన చేతి నుంచి రావడమే. చిరుతిండి ఏదైనా సరే రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది డాక్టర్లంతా ఒప్పుకున్న హద్దు. కీరా ముక్క, క్యారెట్ ముక్క ఆ హద్దులో బాగా ఇముడుతాయి.

వారానికి ఒంటి బరువులో ఒకటి, మహా అయితే రెండు శాతం తగ్గితే చాలు. 11 కిలోల కుక్కకి 110 నుంచి 220 గ్రాములు. 8కి చేరడానికి నాలుగు నుంచి ఏడెనిమిది నెలలు పడుతుంది. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళ, తిండికి ముందు తూచండి. స్పిట్జ్ లాంటి వాటిని బియ్యం కొట్టు కాటా మీద నిలబెట్టొచ్చు. ఇంట్లో బరువు మిషనుంటే కుక్కని ఎత్తుకుని మీరు ఎక్కి, మీ బరువు తీసెయ్యండి. లాబ్రడార్‌ని ఎత్తే సాహసం చెయ్యకండి, నడుం పడుతుంది. మూడు వారాలు కాటా కదలకపోతే ఇంట్లో గొడవ పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన లెక్క సరిచేస్తాడు. సగం సార్లు తేలేదేమిటంటే పక్క ఫ్లాటు వాళ్లు కూడా పెడుతున్నారని.

నడిపిస్తే కరిగిపోతుంది కదా అని కొందరి ధీమా. పది కిలోల కుక్క కిలోమీటరు నడిస్తే ఒక్క బిస్కెట్టుకి సరిపడా కూడా ఖర్చుకాదు. నడక మంచిదే, కీళ్లకీ కండకీ బుద్ధికీ కావాలి, తిండికి బదులు మాత్రం కాదు. మన ఎండల్లో అయితే లావు కుక్కని మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లడం ప్రాణం మీదికి తేవడమే. కుక్క ఒంటి వేడి ప్రధానంగా రొప్పడం ద్వారానే పోవాలి. కొవ్వు ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లకి ఊపిరే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో సూర్యోదయానికి ముందే తిప్పుకు రండి. తారు రోడ్డు మీద మీ అరచెయ్యి ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క కూడా తన పాదాలు ఆనించలేదు.

పెట్టకూడనివి త్వరగా చెప్పేస్తాను, చాలామందికి తెలిసినవే. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని చిదిమేస్తాయి, కాబట్టి పులుసన్నం, బిర్యానీ మసాలా వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. ప్రసాదం పాయసంలో కిస్మిస్ ఉంటుందని మర్చిపోకండి. చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ వద్దు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. పండగనాడు కొవ్వు మాంసం దండిగా పెడితే మర్నాడు వాంతులతో, నడుం వంచి పొట్ట పట్టుకుని వస్తాయి. క్లోమం వాచి ఉంటుంది.

ఒళ్లు చెయ్యడం ఒక చివర. ఇంకో చివర కుక్కపిల్లలది. నెలన్నర కుక్కపిల్లని కొనుక్కొచ్చి పాలన్నంతోనే ఆర్నెల్లు పెంచేవాళ్లున్నారు. ఇంకొందరు చికెన్ కొట్టులో కందనకాయలూ కార్జాలూ తెచ్చి నూకల్లో పసుపేసి ఉడికించి పెడతారు. పిల్ల బొద్దుగా, ముద్దుగా ఉంటుంది. మాంసంలో భాస్వరం దండిగా, కాల్షియం అతి తక్కువగా ఉంటాయి. రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. నాలుగైదు నెలలకి ముంగాళ్లు విల్లులా వంగుతాయి, కుర్చీ మీంచి దూకితేనే ఎముక విరుగుతుంది. ఇది తెలిసినవాళ్లు భయపడి కాల్షియం టానిక్ సీసాలకి సీసాలు పోస్తారు. పెద్ద జాతి పిల్లలకి, ముఖ్యంగా గ్రేట్ డేన్ లాంటి వాటికి, ఎక్కువైన కాల్షియం కూడా ఎముకల్ని పాడుచేస్తుంది. పిల్లల కోసం తయారుచేసిన సమతులమైన తిండి పెడుతుంటే పైన టానిక్ అక్కర్లేదు. నట్టల మందు మాత్రం డాక్టరు చెప్పిన తేదీలకి తప్పకుండా పట్టించండి. పొట్ట ఉబ్బి వీపు ఎముకలు కనపడుతున్న పిల్లలో తిండంతా నట్టలకే పోతోందని అర్థం.

పిల్లి సంగతి వేరే. పిల్లిని చిన్న కుక్క అనుకుంటే దెబ్బతింటాం. కుక్క వేల ఏళ్లుగా మన అన్నం తిని పిండిపదార్థం అరిగించుకోవడం నేర్చింది. పిల్లి మాంసాహారి, ఇంకోలా బతకలేదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే గుండె కండరం సాగిపోతుంది, చూపు పోతుంది. 1987లో అమెరికాలో ఈ గుండెజబ్బుకి కారణం టారిన్ లోపమేనని తేలాక పిల్లుల తిండిలో దాన్ని పెంచారు. మన ఇళ్లలో పెరుగన్నం మీద పెరిగే పిల్లులు వీధిలో ఎలకల్ని పట్టుకుని లోటు పూడ్చుకునేవి. ఐదో అంతస్తు పర్షియన్ పిల్లికి ఆ దారి లేదు. దాని ఇబ్బంది ఇంకోటి, ఇరవై నాలుగ్గంటలూ గిన్నె నిండా గింజలుంటాయి, పోసింది ఎంతో, మిగిలింది ఎంతో ఎవరికీ తెలీదు.

లావు పిల్లిని పస్తు ఉంచడం అన్నిటికంటే ప్రమాదం. రెండు మూడు రోజులు తిండి మానేస్తే దాని ఒంట్లో కొవ్వంతా కాలేయం మీదికొచ్చి పడుతుంది, కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి, ప్రాణం మీదికొస్తుంది. "కొత్త తిండి పెట్టాం, ఆకలేస్తే అదే తింటుందిలెండి" అని పంతం పట్టకండి. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. 6 కిలోల పిల్లి వారానికి 30 నుంచి 60 గ్రాములు తగ్గితే బ్రహ్మాండం. నీళ్లు ఎక్కువుండే తడి తిండితో కడుపు తొందరగా నిండుతుంది. డ్రై ఫుడ్ అయితే కోడిగుడ్ల అట్ట ట్రే తీసుకుని గుంటకి నాలుగు గింజల చొప్పున వెయ్యండి. పంజాతో ఒక్కోటీ లాక్కుని తింటుంది. అరనిమిషంలో అయ్యే భోజనం పావుగంట పడుతుంది, ఆడుకున్నట్టూ ఉంటుంది.

చివరిగా ముసలివాటి సంగతి. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన కుక్కగాని, పదేళ్లు దాటిన పిల్లిగాని మీరేమీ చెయ్యకుండానే బరువు తగ్గుతుంటే "ఇప్పటికి సన్నబడింది" అని సంతోషించకండి. కిడ్నీలు, పళ్లు, షుగరు, పిల్లుల్లో అయితే థైరాయిడ్ ఎక్కువవడం, గడ్డలు, ఇవన్నీ మొదట కాటా మీదే కనిపిస్తాయి. వారం వారం బరువు రాసుకున్న కాగితం ఉంటే డాక్టరుకి సగం పని తప్పినట్టే. అది పట్టుకెళ్లండి, దాంతోపాటు రక్తపరీక్ష, మూత్రపరీక్ష అడగండి.